కింది పెదవి

పొగతోట మూడో సందులో మా ల్యాబు.
పొద్దున వచ్చిన సీసాల్లో ఒకదాన్లో
చింతగింజలో సగమంత ముక్క.
చీటీ మీద: రంగమ్మ, యాభై ఎనిమిది, ఇస్కపల్లి.
కింది పెదవి. ఎనిమిది నెల్లుగా మానని పుండు.

పిలిస్తే లేచింది గానీ
"నా పేరు వెంగమ్మ తల్లీ" అంది.
"అల్లూరు ఆసుపత్రిలో ఎవురో రంగమ్మని రాసినారు.
ఆ చీటీ చూసి ఇంకోరు, అది చూసి ఇంకోరు.
ఇప్పుడు రంగమ్మన్నా పలకతా."

ముప్పై అయిదేళ్లు ఉప్పు కొటార్లలో పలక లాగిందట.
నెత్తిన కొంగుంది, నుదురు దాక్కుంది.
కానీ ఉప్పు మడిలో ఎండ పైనుంచే రాదు,
తెల్లటి నేల మీద కాలు మోపి
కిందినుంచి లేస్తుంది
గడ్డం కిందికి, పెదవి మీదికి.
కొంగుకి ఆ దారి తెలీదు.

ముక్కని మైనంలో పోసి
వెంట్రుక కన్నా పల్చగా కోస్తూ
లోపలి రాతపని గురించి ఆలోచిస్తాను.

ఒక కణం రెండు కావాలంటే
ముందు తన పుస్తకమంతా తిరగరాయాలి.
ఉన్నవి నాలుగే అక్షరాలు,
రాయాల్సింది ఆరు వందల కోట్ల సార్లు.
పేనిన రెండు పోగుల్ని విప్పుకుంటూ ఒకటి ముందు పోతుంది,
వెనకాలే రాతగాడు.
రాసింది మళ్లీ చదువుకుని, తప్పుంటే కొట్టేసి రాసే
నిదానమైన రాతగాడు.

ఎండ చేసేది చాలా చిన్న పని.
పక్కపక్కనున్న రెండక్షరాల్ని
ఒకదానికొకటి అతికిస్తుంది,
సిరా ఆరకముందే మూసిన నోటుబుక్కులో కాగితాల్లాగా.
రాతగాడు అక్కడికొచ్చి నిలబడిపోతాడు.
విప్పేదానికి ఆ సంగతి తెలీదు,
అది విప్పుకుంటూ పోతూనే ఉంటుంది.
వెనక బారెడు ఒంటిపోగు
తోడు లేకుండా బయటపడి వణుకుతుంది.

బయట బెంచీ మీద వెంగమ్మ
మా అటెండరు మస్తానుకి చెబుతోంది:
"కాలవకి మొద్దు అడ్డం పడితే నీళ్లు ఊరుకుంటయ్యా?
గట్టు యాడ మెత్తగుంటే ఆడ తెగతాది.
తీరిగ్గా ఉంటే పక్క మడి గట్టు చూసుకోని
అదే ఎత్తు, అదే వంపు పోసుకుంటాం.
పొద్దుగూకి, సముద్రం పోటు మీదుంటే
యాడ వంపూ? యాడ ఎత్తూ?
రెండు కొసలూ దగ్గిరికి లాగి తొక్కేసేదే.
మూరెడు మడి పోద్ది, పోనీ."

మస్తాను తలూపాడు.
బ్లేడు పట్టుకున్న నా చెయ్యి ఆగింది.

లోపల ఇంకొకడున్నాడు, అతను చెప్పినా వినడు.
అతుక్కున్న అక్షరం చదవడం రాక
తోచింది రాసేసి దాటిపోతాడు.
వాణ్ని తిడదామంటే నోరు రాదు.
వాడే లేకపోతే ఆ కణం ఆ రాత్రే చచ్చేది.
తోచి రాసిన ఆ అక్షరమే
మర్నాటికి అసలు ప్రతి.
రంగమ్మ.

నాలుగో నాడు స్లైడు.
ఊదారంగు, గులాబీ రంగు.
పై పొరలో ఉండాల్సినవి
గట్టు తెంపుకుని కిందికి దిగాయి.
డాక్టరమ్మ చాలాసేపు చూసింది.
సాయంత్రాలు సగం చుట్ట కాలుస్తానని
వెంగమ్మ తనే ఒప్పుకుంది.
ఎండా? చుట్టా? ఎవరి చేతి రాత ముందు చెదిరింది?
స్లైడు చూపిస్తుంది, సాక్ష్యం చెప్పదు.

రిపోర్టు నేనే టైపు చేశాను.
రంగమ్మ కొట్టేసి
వెంగమ్మ అని రాశాను.
ముప్పై ఏళ్లలో ఇంత తృప్తిగా
ఒక్క అక్షరం దిద్దలేదు.

మస్తాను వెనకనుంచి తొంగిచూసి అన్నాడు:
"మేడం, ఆరోగ్యశ్రీ కార్డులో రంగమ్మనే ఉండాది.
పేరు కలవకపోతే ఆపరేషన్ ఆపేస్తారు.
మార్పించుకోవాలంటే రెండు నెల్లు."

ఆ ముక్కకి రెండు నెలల టైము లేదు.

వెనక్కి కొట్టాను. మళ్లీ రాశాను.
ప్రింటు తీసి సంతకం పెట్టించి
గుమ్మంలోకి వచ్చి
"రంగమ్మా" అని పిలిచాను.

వెంగమ్మ లేచింది.