ఇత్తడి అక్షరాలు

ఏటా నవంబరులో దొర శాసనసభకు వెళ్ళేవాడు.
మిలెడ్జ్‌విల్‌కి రెండు రోజుల దారి, మధ్యలో ఓకోనీ నది.
బండి తోలేది మా తాత ప్రైమస్.

దొర పేరు ఆంబ్రోస్ థాక్‌స్టన్.
పదకొండు వందల ఎకరాల పత్తి,
అరవై నాలుగు మంది మనుషులు.
చిట్టాలో కంచరగాడిదల పేజీ తిప్పితే మా పేజీ:
కఫీ, పొలంపని, తొమ్మిది వందల డాలర్లు.
టెంపీ, వంట, ఆరు వందలు.
దాని కింద పసిబిడ్డ, ఇంకా పేరు పెట్టలేదు, యాభై.
ఆ పసిబిడ్డ మా అమ్మ.

చెడ్డవాడా అని అడుగుతారు పిల్లలు.
ఏం చెప్పను?
పీచ్ కొమ్మలకు తన చేత్తోనే అంటు కట్టేవాడట.
భార్య పోతే మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదట.
నాలుగో రోజు ఆమెను పెంచిన దాదిని సవానాలో అమ్మి
సమాధికి పాలరాయి తెప్పించాడట.
రాయి ఇప్పటికీ తెల్లగానే ఉంది. నేను చూశాను.

ఒక ఏడు సభలో బిల్లు పెట్టాడు:
బానిసకు చదువు చెప్పినవాడికి జరిమానా,
నేర్చినవాడికి కొరడా.
దారి పొడుగునా ఉపన్యాసం వల్లె వేశాడు
గుర్రాల వీపులకీ, మా తాత మెడకీ.
"పత్తికొట్టంలో నిప్పురవ్వ, అయ్యలారా, అక్షరం!"
అక్కడికొచ్చేసరికి గొంతు పెంచేవాడు.
అంతవరకూ మా తాతకి చదువు మీద యావే లేదు.
నిప్పురవ్వ అన్నాక పుట్టింది.

ఆ రాత్రి సత్రం గుర్రాలశాలలో
దొర తోలుపెట్టె మీది ఇత్తడి పేరుని
చీకట్లో వేలితో తడిమాడు.
గుడారంలా ఒకటి, శిలువలా ఒకటి.
పత్తి తీసినట్టే, కాయ మొనలు గుచ్చుకోకుండా,
ఒక్కో పింజ.
తన పేరుకి కావలసినవి మూడు దొర పేరులోనే దొరికాయి.
మిగతా మూడూ పిండి పీపా మీద.

తర్వాత దొర విడిపోదామని చెయ్యెత్తాడు.
యుద్ధం వచ్చింది. నీలం కోట్లవాళ్ళొచ్చారు.
జిన్నుగది మూడు రోజులు కాలింది.

అరవై ఏడులో, కోర్టు వరండాలో, ఓటర్ల పట్టీ.
బల్ల వెనక ముగ్గురు. మూడోవాడు మా తాత.
దొర నడిచి వచ్చాడు. బండి ఎప్పుడో అమ్ముడుపోయింది.
"పేరు?"
"నీకు తెలీదూ?"
"చెప్పాలి. రూలు."
చెప్పాడు. మా తాత రాశాడు.
దొర బల్లకి అవతలినుంచి తలకిందులుగా చదువుకున్నాడు,
ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని.
"శాసనసభలో ప్రమాణం చేసి,
తర్వాత తిరుగుబాటుకి సాయపడ్డారా?"
"నన్ను తీసుకెళ్ళింది నువ్వేగా."
"అవును," అని ఆ పేరు మీద గీత గీశాడు మా తాత.

ఎక్కడ నేర్చావని దొర అడగలేదు.
అడిగితే చెబుదామనే ఉండిందట.

పెట్టె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది.
వేలంలో అరవై సెంట్లు.
మొక్కజొన్న పిండి పోసుకుంటాం.
తోలు గట్టిది, ఎలుకలు రావు.