పూచీ

ముందు మాట్లాడింది యంత్రం.
"పారిష్ జైలు నుంచి మీకు ఫోను, చేస్తున్నది..."
తర్వాత ఒక ఖాళీ.
ఆ ఖాళీలో ఎవరి పేరు వాళ్ళే చెప్పుకోవాలి.
"ఆల్సీడ్" అన్నాడు నా తమ్ముడు,
బడిలో హాజరు పలికినట్టు.
ఖర్చు భరిస్తే ఒకటి నొక్కమంది.
నొక్కాను. బడి వంటింట్లో ఉన్నాను,
ఆ అంకె మీద పిండి అంటుకుంది.

నేరమంటే,
ట్రక్కు వెనక దీపం ఒకటి వెలగలేదు.
దానికి జరిమానా. కట్టనందుకు ఇంకోటి.
వాయిదా రోజున రొయ్యలు ఒలిచే షెడ్డులో
రెండో షిఫ్టు పడింది,
వెళ్ళలేదు. వారంటు.
దీపం ఖరీదు నాలుగు డాలర్లు.
జడ్జి పలికిన అంకె ఐదు వేలు.

జైలుకి ఎదురుగా గిడ్రీ ఆఫీసు,
ఎర్ర అక్షరాలు రాత్రంతా వెలుగుతుంటాయి,
వాటిలో ఒక్క దీపమూ పోలేదు.
నూటికి పన్నెండు. అంటే ఆరొందలు.
"ఇవి తిరిగి రావు, తెలుసుగా?" అన్నాడు.
మిగతాదానికి కోర్టుకి ఆయన పూచీ,
ఆయనకి నేను పూచీ.
పూచీ.
పలికితే పూచికపుల్లంత మాట.

కాఫీ డబ్బాలో నూట ఎనభై.
వచ్చే వారం జీతంలోంచి నూటయాభై, వంటపెద్ద మొహం చిట్లించి ఇచ్చింది.
యూలాలీ నాకు ఎప్పటినుంచో బాకీ ఉన్న అరవై
అడక్కుండానే తెచ్చి, చేతిలో కుక్కి,
గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగింది.
ఎంత లెక్కపెట్టినా
రెండొందల పది తక్కువ.
మూడుసార్లు లెక్కపెట్టాను.
నాలుగోసారి
గోడ వంక చూశాను.

నాన్న అకార్డియన్.
ఆల్సీడ్ శనివారాలు వాయించేది, మిగతా రోజులు మేకుకి వేలాడేది.
దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బస్సెక్కాను.
గిడ్రీ బల్ల మీద దించుతుంటే
పట్టీ జారింది,
తిత్తి తెరుచుకుని ఒక్క ఊపిరి పీల్చింది.
పాట కాదు. శ్రుతి కూడా కాదు.
నిద్దట్లోంచి లేపితే మనిషి చేసే చప్పుడు.

గిడ్రీ చాలాసేపు ఏమీ అనలేదు.
"మీ నాన్న నా పెళ్ళిలో వాయించాడు," అన్నాడు.
"తెల్లారేదాకా. మా ఆవిడ చెప్పులు తెగిపోయాయి."
నాలో ఏదో ఆశ లేచి కూచుంది.
ఆయన చీటీ తీశాడు,
జాగ్రత్తగా నంబరు రాశాడు,
పట్టీకి దారంతో కట్టాడు, రెండు ముళ్ళు.
అద్దాల బీరువాలో
రంపానికీ వేటతుపాకీకీ మధ్య
చోటు చేశాడు, మెత్తగానే.

తొమ్మిది చోట్ల సంతకం పెట్టాను.
తొమ్మిదోచోట పెన్ను పలకలేదు.
మళ్ళీ గీశాను.

రాత్రి రెండుంబావుకి వదిలారు.
ప్లాస్టిక్ సంచిలో బెల్టు, బూటు లేసులు,
నోట్లుగా తీసుకుని చెక్కుగా తిరిగిచ్చిన పదకొండు డాలర్లు.
యూలాలీ కారులో
లేసులు కట్టుకోకుండానే కూచున్నాడు.
లోపల ఎలా ఉందని నేను అడగలేదు.
చెరుకు తోటలు దాటేదాకా
తన వేళ్ళు డాష్‌బోర్డు మీద
బొత్తాలు వెతుక్కుంటూనే ఉన్నాయి.
నేను రోడ్డు చూశాను.

ఇంట్లో దీపం వేశాను.
గోడ మీద దాని ఆకారం,
చుట్టూ మాసిన రంగు, మధ్యలో కొత్తది.
"ఎంతకి?" అన్నాడు.
చెప్పాను.
"ఎక్కువే ఇచ్చాడు," అన్నాడు నవ్వబోయి.
సంచిలోంచి బెల్టు తీశాడు,
చుట్టాలో, పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని
ఆ మేకుకే తగిలించాడు.

వాయిదా పద్నాలుగున, పొద్దున తొమ్మిదింటికి.
కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించాను.
ఆ లోపల దీపం కొనాలి.
కొని ఎక్కడ పెడతాం,
ట్రక్కు ఇంకా పోలీసుల యార్డులోనే ఉంది.
దానికి బెయిలు లేదు.
రోజుకి ముప్పై, అద్దె.