మూడో గడి

లక్డీకాపూల్‌ల మూడో అంతస్తు.
మే నెల. లోపల ఏసీ పద్దెన్మిది మీద ఉంది.
ఊర్లె మీటింగు పెడితే గొడవైతదని
ఊరినే డీసీఎంల ఎక్కించి పట్నం తెచ్చిండ్రు.
బయట తారు మెత్తబడుతున్న పగటిపూట
లోపల నలభై మంది
గొంగళ్లు నిండ కప్పుకొని
చలికి ముడుచుకొని కూసున్నరు.

నా పని టైపు కొట్టుడు.
రోజుకు ఇంతని, కాంట్రాక్టు మీద.
ముందల మూడు గడులు:
వరుస నంబరు, పేరు, అభ్యంతరం.
మూడో గడి బెత్తెడే.

తెర మీద బొమ్మ చూపిండ్రు.
నీలంగ, చెరువు లెక్క, పలకలు పలకలు.
"పద్దెన్మిది వందల ఎకరాల బీడు" అన్నడు కంపెనీ పిలగాడు.
మంచోడే. అంత చలిల నుదురు తుడ్సుకుంటున్నడు.
"పొగ లేదు, బూడిద లేదు, చప్పుడు లేదు."
అబద్ధం కాదు అది.

ఎర్వ బీరయ్య లేచిండు.
"ఎండ మీద మాకేం పగ సారూ?
ఎండల పుట్టినం, ఎండలనే ముసలోళ్లమైనం.
బీడు అని ఎవలు రాసిండ్రో
ఆయన వానకాలం రాలే మా దిక్కు.
అది మా గొర్ల తల్లె.
కడిగి బోర్లిచ్చిన తల్లెను
ఖాళీగున్నదని ఎత్కపోతరా?"

"పలకల కింద మేపుకోవచ్చు పెద్దాయనా, నీడ కూడా."

"నీడ సుట్టు తీగ ఉంటది గద బిడ్డా.
తీగకు తాళం.
తాళంచెవి గొర్రె మెడల కడ్తవా?"

వెనక వరుసల ఓదెలు అనే పోరడు
"కిరాయిస్తరంటే నాకు సమ్మతమే" అన్నడు.
ఎవ్వలు తిట్టలే.
బీరయ్యనే ఆ పోరనికి నీళ్ల సీస అందిచ్చిండు.

నేను కొట్టిన: మేత సమస్య.

మల్కవ్వ ఎప్పుడొచ్చి నిలబడ్డదో నా కుర్చెనక.
"ఏం రాసినవ్ బిడ్డా, సదువు."
సదివిన. రెండు మాటలు.
"గంతేనా?"
"గడిల గంతే పడ్తది అవ్వా."
"గడిలనా?" అని నవ్వింది, పండ్లు లేని నవ్వు,
"మా తాత బతుకంత గడిలనే పాయె, వెట్టికి.
మల్ల మమ్ముల గడిల పెడ్తున్నవా?"

ఇగ చెప్పవట్టింది.
మొగులు వట్టంగనే లేచేది గరిక.
నెండ్ర లేతగున్నప్పుడే రుచి.
బోద ముదిరితే ముట్టయి.
కాసె ఇంటి కప్పుకు.
శెంగలి ఈనిన గొర్రెకు, దాని పక్కపొంటి తుంగ,
దాని పక్కపొంటి పేరు లేనిదొకటి,
"దాన్ని మేం అదే అంటం" అన్నది.

నేను కొడ్తున్న.
కొట్టినకాడికి ఒక్కొక్క పేరు కింద
ఎర్రగీత లేస్తున్నది.
కంప్యూటరుకు ఒక్క గడ్డీ ఎరుకలే.
గడి సాగి సాగి పేజీ దాటింది.
తెరంత ఎర్రగ మొల్చింది.

సెక్షనాఫీసరు భుజం మీదికెల్లి చూసి
"ఇవన్ని తీసెయ్యమ్మా, సారాంశం చాలు" అన్నడు.
తీసిన.
తీయలేదని రాస్తే కవిత బాగుంటదని
నాకు తెల్సు.
తీసిన.

బోరబండల మా మిద్దె మీద
నీళ్లు కాగే పలక ఉన్నది.
నేనే పెట్టిచ్చిన, వాయిదాల మీద.
నెలకు నాలుగు వందలు మిగుల్తున్నయ్.
ఆ రాత్రి దాని పక్కకే కాళ్లు కడుక్కుంట చూస్తే
చీర కుచ్చిళ్ల నిండ ఉత్తరేణి గింజలు,
మల్కవ్వ గొంగడియే అయ్యుంటయ్.
ఒక్కొక్కటే పీకిన.
ఏడ పారెయ్యాల్నో తెల్వక
అరచేతుల పట్టుకొని
ఎంతసేపు నిలబడ్డనో.
కిందికెల్లి మా చెల్లె
"నల్లా ఇడ్సిపెట్టినవా ఏంది?" అని
ఒర్లుతనే ఉన్నది.