అదనపు గంట

ఎచ్చెర్లలో నా గదికి ర్యాంపు వేయించడానికి
మూడు ఉత్తరాలు, ఒక ఎండాకాలం పట్టింది.
మొదట ఎక్కింది కుక్క.

ఇవాళ ఢిల్లేశ్వరికి చరిత్ర పరీక్ష.
రాసిపెట్టడానికి పొందూరు నుంచి
ఇంగ్లీషు మీడియం ఇంటర్ కుర్రాణ్ణి తెచ్చాను.
ఆమె చెబుతోంది, వాడు రాస్తున్నాడు.
నేను గుమ్మంలో
ఆ అదనపు గంటకి కాపలా.

ఉన్నట్టుండి ఆమె ఆగింది.
"పెన్ను ఆగిపోనాదేటి?
క్షామం రాయడం రాదేటి నీకు?
సెయ్యిలా తే."

వాడి అరచేతిలో వేలితో 'క్ష' దిద్దింది,
ఏడో తరగతిలో చూపు పోయేలోపు
నేర్చుకున్నది.

ఇన్విజిలేటరు దగ్గాడు.
చేతులు పట్టుకోకూడదని రూలుందా? అడిగాను.
లేదు.

నా రిజిస్టరులో ఒక గడి:
'సహాయం పొందినవారు'.
సాయంత్రం దాకా
ఖాళీగానే ఉంచాను.