ఎంత బరువు ఆగుతుంది

"ఇరవై రెండు సెంటీమీటర్లు" అని పెన్సిల్‌తో రాసుకుని
బరమాను మంచులోంచి పైకి లాగుతాను.
హీయుమా దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్య
సముద్రం గడ్డకట్టిన ఏడు, అదే మాకు రోడ్డు.
బెల్టు పెట్టుకోకూడదు, దారిలో ఆగకూడదు,
ముందు బండికి పావు కిలోమీటరు ఎడం.

రోడ్డు తెరిచారా మూశారా చెప్పే పేజీ నాది.
ఏడాది పొడుగునా దాని మొహం చూసేది పదిమంది.
జనవరిలో ఓ పొద్దున
దీవి దీవంతా ఒక్కసారే తలుపు తడుతుంది.

పోయినసారి సరిగ్గా ఆ పొద్దునే కూలింది.
చవకని ఉమ్మడి సర్వర్‌లో ఓ మూల అద్దెకున్నాం.
పక్క వాటాలో రబ్బరు బూట్ల దుకాణం.
వాళ్లు సగం ధర అన్నారు, ఊపిరి మాకాడలేదు.
"మూసి ఉంది" అని నేను రాసిన మాట
ఎవరికీ చేరలేదు.
తెల్ల పేజీ చూసి, తెల్ల మంచు చూసి
రొట్టెల వ్యానుతో ఐవర్ బయల్దేరాడు.
ముందు చక్రాలు రెండూ దిగాక కిటికీలోంచి దూకాడు.
మంచు మీద నల్ల రొట్టెలు చెల్లాచెదురు,
మధ్యాహ్నం దాకా కాకులు.

అందుకే ఈ సెప్టెంబరంతా హోస్టింగ్ బేరాలు.

"అపరిమితం" అన్నాడొకడు.
ముప్పై ఏళ్లు మంచు కొలిచినదాన్ని,
ఆ మాట అన్నవాడి వెనక అడుగెయ్యను.
నాకు అంకె కావాలి:
ఒకేసారి ఎంతమంది ఎక్కితే పగులుతుంది?

"తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం నిలబడతాం" అన్నాడు ఇంకొకడు.
మిగిలిన ఆ పిసరును కాగితం మీద గుణించాను.
ఏడాదికి ఎనిమిది గంటల నలభై అయిదు నిమిషాలు.
జులైలో పడుకో నాయనా, హాయిగా పడుకో.
ఆ జనవరి పొద్దునే కునుకు పడితే?

మొదటి ఏడు నెలకు రెండు యూరోలు,
రెండో ఏడు తొమ్మిది, చీమ తలకాయంత అక్షరాల్లో.
కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాను.

సర్వర్ మొత్తం మనకే తీసుకుందాం అంది ఆఫీసులో మాయ్‌రె.
పదిమంది కోసం ఏడాదంతా ఓడను కట్టేసుకుంటామా?
జనం వస్తే సాగి, పోతే ముడుచుకునేది ఉందట,
దాని పేరు క్లౌడ్. మేఘం.
మా మంచూ అక్కణ్ణుంచే కదా, చూద్దాం అన్నాను.

చివరికి రాత్రి రెండింటికి నలుగురికి ఫోన్ చేశాను.
ముగ్గురి దగ్గర సంగీతం.
నాలుగో చోట, తార్తు నుంచి, ఓ నిద్ర గొంతు:
"చెప్పండి, నేను తోర్మిస్‌ని."
వెనక పాలు పొంగిన చప్పుడు, చిన్న తిట్టు.
అక్కడే కట్టాను. రెండేళ్లకు.

ఇవాళ జనవరి ఇరవై ఒకటి. పడమటి గాలి, తడి గాలి.
బరమా కొట్టంలోనే ఉంది.
పేజీ మాత్రం ఠక్కున తెరుచుకుంటోంది,
అర సెకను పట్టదు.
లోపల ఒకటే మాట: మూసి ఉంది.

వచ్చినవాళ్లు పద్నాలుగు మంది.
వాళ్లలో ఒకరు రోజూ ఆరింటికే,
రొట్టెలు పొయ్యిలో ఉండే వేళకు.