లేచేటప్పుడు

మొదటిసారి కస్తూరి నవ్వింది.
మంచం కిందికి దొర్లిన ఎర్రగడ్డ కోసం వంగి లేచినాను.
క్యాలెండరులో తేదీలన్నీ చీమలై కదిలినాయి.
బీరువా పట్టుకుని నిలబడితే
"మొగిలి ఘాటు సైకిలు మీద ఎక్కే మగోడు
ఎర్రగడ్డ దగ్గిర తూలుతుండాడే" అంది.
నేనూ నవ్వినాను.

నవ్వక ఏం జేసేది?
ఆదివారం నాలుగున్నరకి ఇల్లు కదిలితే
బంగారుపాళ్యంలో టీ బంకు తెరవకముందే
దాని ముందర నుంచి పోతా ఉంటాను.
మామిడితోపుల మీద మంచు,
టమోటా లారీల వెనక పొగ,
ఘాటు మలుపుల్లో నా ఊపిరి తప్ప ఇంకో మాట ఉండదు.
నలభైమూడేండ్లకి నా నాడి నిమిషానికి నలభైనాలుగు.
సైకిలు షాపు వేలాయుధం నా మణికట్టు పట్టుకుని లెక్కబెట్టి
"నిద్రపోతుండాది సామీ ఇది" అన్నాడు.
ఆ మాటని మెడల్ మాదిరి
మెళ్ళో వేసుకుని తిరిగినాను.

రెండోసారి బడిలో.
సోమవారం ప్రార్థన, ఎండ అప్పుడే సుర్రుమంటోంది.
ఆరో తరగతి బుడ్డోడికి బూటు లేసు కడదామని
గొంతుక్కూర్చున్నాను.
కట్టినాను. లేచినాను.
ముందు శబ్దం పోయింది,
మైకులో ప్రతిజ్ఞ ఎక్కడో బావి అడుగున వినబడింది.
తర్వాత జెండా కర్ర, వేపచెట్టు, నీలం యూనిఫారాలు
అంచుల నుంచి నల్లబడతా వచ్చినాయి,
కాలే కాయితం మాదిరి.
ఆ తర్వాత ఏమీ లేదు.
భయం కూడా లేదు. అది చెప్పాల.

కండ్లు తెరిస్తే ఆకాశం,
దాని చుట్టూ పిల్లకాయల తలకాయలు.
ఎవడో విజిలు ఊదుతుండాడు. నా విజిలే.

గ్రీమ్స్‌పేటలో డాక్టరమ్మ ఈసీజీ గీతల వెంట వేలు నడిపింది.
పడుకోబెట్టి చూస్తే నూటపద్దెనిమిది,
నిలబెట్టి చూస్తే తొంభై.
"గుండె బాగుంది. మరీ బాగుంది.
మీరు టక్కున లేస్తే నెత్తురు కాళ్ళలోనే ఉండిపోతోంది,
మీ గుండెకేమో తొందరపడే అలవాటు తప్పింది.
తలకి అందేలోపల మీరు నేల మీద.
నీళ్ళు తాగండి. ఉప్పు మానకండి.
తొక్కి తొక్కి ఉన్నపాటున ఆగొద్దండి.
మెల్లగా లేవండి."
ఇంతేనా అన్నాను.
ఇంతే అంది.
ఒక మాత్రైనా రాసిచ్చుంటే బాగుండు.

ఎందుకంటే పందొమ్మిదేండ్లుగా
నేను అన్నం తినేది ఒక్క మాట మీద:
లే. టక్కున. నిలబడు.

పోయినేడు పంద్రాగస్టు రిహార్సల్లో
మునిలత పడిపోయింది.
తొమ్మిదో తరగతి, రెండో వరస, ఎడమ నుంచి నాలుగు.
"నాటకాలొద్దు, లే" అన్నాను.
లేచింది.
మళ్ళీ పడింది.
మిగతావాళ్ళని మార్చ్ చేయించినాను.

నేను పడిన రోజు నా కాళ్ళ కింద
పుస్తకాల బ్యాగు పెట్టి ఎత్తింది ఆ పిల్లేనంట.
పిలిపించి అడిగినాను, నీకెవరు చెప్పినారని.
"ఎవురూ చెప్పలేదు సార్.
ఆ పొద్దు నాకు అట్ల పెట్టుంటే
బాగుండునని..."
అక్కడ ఆపేసింది.
నేనూ ఏమీ అడగలేదు.
పోమ్మా అన్నాను, అది కూడా సరిగ్గా పలకలేదు.

ఇప్పుడు తెల్లారి మంచం అంచున కూర్చుంటాను.
పిక్కలు బిగించి వదిలి, బిగించి వదిలి
ఇరవై లెక్కబెడతాను.
కస్తూరి ఉప్పేసిన మజ్జిగ పెట్టి పోతుంది, నవ్వకుండా.
ఘాటు పైన టక్కున దిగను,
ఊరికే తొక్కతా కొంతసేపు గుండ్రంగా తిరుగుతాను,
లారీ వాళ్ళు తిక్కోడనుకుంటారు.

నిన్న గ్రౌండులో పిల్లకాయల్ని కూర్చోబెట్టి
గొంతు తగ్గించి అన్నాను:
"మెల్లగా లేవండి."
ఇదేదో కొత్త శిక్ష అనుకున్నారేమో,
ఒక్కరూ లేవలేదు.