రెండు ఆంపియర్లు

ఉసిస్యా రేవులో మా పిన్ని తెంవా కొట్టు ముందు
తెల్లారకుండానే ఫోన్లు వరుస కట్టేవి.
వాటి మనుషులు ఉసిప చేపలు ఆరబోసుకోను పోయేవాళ్లు.
రేకుల మీద ఒక్కటే సోలార్ పలక,
బల్ల కింద లారీలోంచి ఊడదీసిన బ్యాటరీ,
గోడ మీద నా సుద్దరాత:
అర ఆంపియర్ నూరు క్వాచా.
రెండు ఆంపియర్లు మూడు నూర్లు.

"కరెంటు కరెంటే కదా, ఈ తేడా ఏంటి?"
పడవ నడిపే మ్సుకువా ప్రతి సోమవారం అడిగేవాడు.
పిన్ని తలెత్తేది కాదు.
"సన్నధార కింద బిందె పెట్టి
పొద్దుగూకేదాకా కూచో. అదీ నూరు."

నాకప్పుడు పదేళ్లు. చిక్కుపడ్డ తీగలు విప్పడం నా పని.
సన్నగా పొడుగ్గా ఉన్న తీగ
దారిలోనే సగం తినేస్తుందని
చేత్తో తడిమి చెప్పేదాన్ని.
ఎంత పెద్ద ఛార్జర్ తగిలించినా
ఫోను తన గొంతు పట్టినంతే తాగుతుందని మాత్రం
ఎవరూ చెప్పలేదు,
ఒక బటన్ల ఫోన్ ముందు పూటంతా కూర్చుంటే తెలిసింది.

ఆ శుక్రవారం సరస్సు మీద మబ్బు.
ఆరు ఫోన్లు వేలాడుతున్నాయి, ఒక్కోదానికీ చిటికెడు కరెంటు.
మంత్రసాని న్యాగొండ్వే పరుగున వచ్చింది.
చితెంజె గుడ్డ మోకాళ్లదాకా తడి,
చేతిలో చచ్చిన ఫోను.
కొండకవతల ఒక పిల్ల, తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది.
ఆస్పత్రి పడవకి కబురందాలి.

పిన్ని ఆరింటినీ పీకేసింది.
మ్సుకువాది తొంభైరెండు దగ్గరుంది, దాన్నీ.
లోపల్నుంచి తన సొంత తీగ తెచ్చింది,
జానెడే, కానీ వేలంత లావు.

పన్నెండు నిమిషాలు.
సున్నా నుంచి పదిహేడు.
ఖాళీ కడుపు ఎంత ఆత్రంగా తింటుందో
నేను చూడ్డం అదే మొదలు.
ఫోను వీపు పెనం మీది రొట్టెలా కాలింది.
"చాల్లే తెంవా, నూరు ఎవరిక్కావాలి"
అని అప్పటికే గట్టెక్కి సిగ్నల్ వెతుక్కుంటోంది ఆవిడ.

సాయంత్రం మ్సుకువా రచ్చ.
"నా ఎనిమిది శాతం ఏదీ?"
"ఆ ఎనిమిదికే గంట పట్టేది నాయనా.
నిండబోయే కుండలో ఎవరైనా బొట్టుబొట్టుగానే పోస్తారు.
అయినా నీ ఎనిమిది ఎక్కడికీ పోలేదు,
ఆస్పత్రిలో ఏడుస్తోంది, వెళ్లి చూసుకో."

వాడు నవ్వాడు.
నూరు క్వాచా మాత్రం వెనక్కి అడిగి తీసుకున్నాడు.

మర్నాడు ఎండ విరగ్గాసింది.
పిన్ని సుద్ద నా చేతికిచ్చి
కింద ఇంకో వరుస రాయమంది:
అన్నీ పీకి ఒక్కరికే...
ధర ఎంతని అడిగితే
తీగ చుట్టుకుంటూ ఉండిపోయింది.
ఆ చోటు ఇప్పటికీ ఖాళీయే.